దూరంగా పెట్టిన ఇమేజ్

"మూడు కంప్యూటర్స్ అని బోర్డు రాయించినవు. లోపల రెండే కనబడుతున్నయి. మూడోది ఏది?"

మానుకోట స్టేషన్ రోడ్డులో షాపు పెట్టిన నాటి నుంచి ఈ జోకు వింటూనే ఉన్నాను. మూడు మా ఇంటిపేరు. అయినా చంకలో సీపీయూ పెట్టుకుని, దాని మీది చినుకులను చున్నీ కొసతో తుడుస్తున్న ఆ పిల్ల మీద కోపం రాలేదు.

"మూడోది నువ్వు తెచ్చినవు గదా," అన్నాను.

నవ్వింది. "మాది భూక్యా. మూడు అంటే ఇంటిపేరని మాకు ఎర్కనే. ఊకె అడిగిన."

భూక్యా! మూడు వాళ్లకూ భూక్యా వాళ్లకూ సంబంధాలు కలుస్తాయి. మా లంబాడీ తండాల్లో మొదట చూసేదే అది. కల్యాణి అనే ఆ పిల్ల కంప్యూటర్ స్లోగా ఉందని చెబుతూనే ఉంది, నేను మనసులో పెళ్లి పత్రికలు పంచేస్తున్నాను. శివాజీ అనే నా పేరుకు తగ్గ ధైర్యం నాకు పుట్టుకతోనే ఉంది మరి.

సాయంత్రానికి బాగుచేసి, మొత్తం కంప్యూటర్‌ను ఇమేజ్ తీసి, ఒక నల్ల డిస్కులో పెట్టి, తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ల నాన్న ప్రేమ్‌సింగ్ చేతిలో పెట్టాను.

"ఇమేజ్ అంటే ఏంది పిలగా?"

"లోపల ఉన్నది ఉన్నట్టు మూట కట్టినం మామా. రేపు కంప్యూటర్ ఖరాబైనా, గీ మూట కొత్త డిస్కుల విప్పితే, ఇయ్యాల ఎట్లుందో అట్లనే లేస్తది. జర కంప్యూటర్‌కు దూరంగ పెట్టుండ్రి."

మామా అన్నది మర్యాదకే. ఒట్టు.

ఆ తర్వాత నెలరోజులు యాంటీవైరస్ అని ఒకసారి, కీబోర్డు దుమ్ము అని ఒకసారి వాళ్ల తండాకు పోతూనే ఉన్నాను. "వైరస్ కంప్యూటర్‌కు లేదు, నీకే ఉన్నట్టుంది," అని కల్యాణి చాయ్ ఇచ్చేది. అద్దాల కుట్టుపని డిజైన్లను కంప్యూటర్‌లో గీస్తుంది తను. జనగామలో బట్టల షాపు నడిపే గీతాంజలి మేడం సోమవారం వాటిని చూస్తానంది. నచ్చితే ఏడాది పొడుగునా పని. లేదంటే భూపాలపల్లిలో మేనమామ చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగం. అంటే ఇల్లు, కుట్టుపని అన్నీ వదిలి అక్కడికే మకాం.

శనివారం పొద్దున సీపీయూతో వచ్చింది. జోకు లేదు, నవ్వు లేదు. వెనకాలే ప్రేమ్‌సింగ్ మామ.

"టిక్కు టిక్కుమంటది గని లేస్తలేదు శివాజీ."

చూశాను. డిస్కు పోయింది. ఎన్ని తిప్పలు పడ్డా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టనే లేదు.

"పరేషాన్ కాకు. ఇమేజ్ ఉంది గదా!"

"బా, ఇమేజ్ ఏడ పెట్టినవే?" కల్యాణి వాళ్ల నాన్న వైపు తిరిగింది.

మామ నింపాదిగా ఫోన్ తీసి చూపించాడు. మా షాపు ముందు సీపీయూతో కల్యాణి నిలబడ్డ ఫోటో. "మంచిగ వచ్చింది సూడు."

"గా ఇమేజ్ కాదు బా! నల్ల డబ్బ!"

"ఓ, గదా? భూపాలపల్లిల మీ అత్త కళావతి ఇంట్ల ఉంది. గీ పిలగాడే దూరంగ పెట్టుమన్నడు."

వేరే అర్రలో పెట్టమని నా ఉద్దేశం. మామ వేరే జిల్లాలోనే పెట్టి వచ్చాడు!

వానలో బైక్ ప్రయాణం గురించి నెలరోజులుగా నాకు కొన్ని ఆలోచనలున్నాయి. ఆ రోజు తీరింది ముచ్చట. వెనక కూర్చున్నది మాత్రం ప్రేమ్‌సింగ్ మామ. నర్సంపేట దాకా మా నాయిన ఏం చేస్తాడని, ములుగు దాకా మాకు ఎద్దులెన్నని, అక్కడి నుంచి నేను తాగుతానా అని ఒకటే ప్రశ్నలు.

"చాయ్ తాగుత మామా."

"మా బిడ్డకు కోపం శాన."

"తెలుసు మామా."

"తెలిసే వస్తున్నవా?"

"తెలిసే వస్తున్న."

మామ తను పట్టుకున్న గొడుగును కొంచెం నా వైపు వంచాడు. బొగ్గుబాయి క్వార్టర్లో కళావతి అత్త బీరువా తెరిచి, పట్టుచీరల కింద నుంచి నల్ల డిస్కు తీసిచ్చింది.

ఆదివారం షాపులో కొత్త డిస్కు బిగించి, ఇమేజ్ ఎక్కించాను. కల్యాణి ఊపిరి బిగబట్టి చూస్తుండగా, అదే తెర, అవే బొమ్మలు లేచాయి. గబగబా డిజైన్లు తెరిచింది. ఒక్కసారిగా మొహం మాడిపోయింది.

"పెళ్లి కాంచళి ఏది? చేతుల నిండ అద్దాల రవిక? మేడం గదే ముందు అడిగింది!"

"ఎప్పుడు గీసినవు?"

"పోయిన వారం."

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "గది రాదు కల్యాణీ. మూట కట్టింది నెల కింద. ఆ తర్వాతవి మూటల లేవు. మళ్లొకసారి మూట కట్టాల్సింది నేనే. చాయ్ తాగి మురిసిపోయి మరిచిన."

"మరిచినవా! యాంటీవైరస్ అని వచ్చుడు మాత్రం మరవలేదు!"

"తిట్టు. గని గీసుకుంట తిట్టు. చెయ్యి నీదే గదా, గది యాడికి పోలేదు."

కొరకొరా చూసి, మౌస్ లాక్కుంది. మామ చాయ్ తాగి వస్తానని బయటికి పోయాడు. బయట వాన దంచికొడుతోంది. అద్దం పక్కన అద్దం, దారం పక్కన దారం. మొదటిసారి గీసినదానికంటే ఇదే బాగా వస్తోందని ఆమె పెదవుల మీది నవ్వే చెబుతోంది.

"సూడు," అంది తెర వైపే చూస్తూ. "గీ కంప్యూటర్ లెక్కల మనం ఇయ్యాలనే కలిసినం. నువ్వు మా ఇంటి సుట్టు తిరిగింది దీనికి తెల్వనే తెల్వదు."

"కంప్యూటర్‌ను నెల కిందికి తీసుకపోయిన. నన్ను పొమ్మంటే పోను," అన్నాను. "ఆనాడు మన ఇంటిపేర్లు కలుస్తయని సంబురపడ్డ, గంతే. నువ్వంటే పాణమైంది ఈ నెలలనే. రేపు ఆర్డర్ వచ్చినా రాకున్నా, నువ్వు భూపాలపల్లి పోయినా, నేను ఆడికే వస్త. తొవ్వ తెలుసు."

మౌస్ ఆగింది. చెంపలు ఎర్రబడ్డాయి. "ముచ్చట్లు పెట్టకు, అద్దం వంకర పోతది," అంది చిన్నగా.

మౌస్ మళ్లీ కదిలింది. ఇక నాకు రాత్రి నిద్రెక్కడిది?

సోమవారం తండ్రీకూతుళ్లు జనగామ రైలెక్కారు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఆర్డర్ ఇచ్చిండ్రు! ఏడాదికి!" అరిచింది కల్యాణి. "కాంచళి సూసి మేడం లేచి నిలబడ్డది తెలుసా?"

"నేను చెప్పలే?"

"గా కాంచళిని మాత్రం అమ్మనన్న."

"ఎందుకు? నీకేమన్న పిచ్చా?"

"మేడం గూడ గట్లనే అడిగింది. గది నా పెళ్లికని చెప్పిన."

మేడం లాగే నేనూ లేచి నిలబడ్డాను. అవతల ఫోన్ చేతులు మారింది.

"పిలగా," అన్నాడు ప్రేమ్‌సింగ్ మామ, "మీ నాయినను తీసుకొని ఆదివారం మా తండాకు రా. యాంటీవైరస్ తేకు."