ప్రార్థన జల్లెడ

ఉదయం పాళీలో నిరీక్షణ చేసే మొదటి పని దేవుణ్ణి తీసేయడం.

గిన్నెలో ఇటుకముక్క పెట్టి, శ్రుతికిరణం దాని మీదికి వదిలి, చెవులకు తొడుగు పెట్టుకుంటుంది. మట్టిలో ఇంకిపోయిన చప్పుళ్లు ఒక్కొక్కటే పైకి తేలతాయి. బల్లలు జరిపిన చప్పుడు, ఎవరిదో దగ్గు, పసిపిల్ల ఏడుపు. గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ చెవుల్లో పడ్డదాన్ని తిరిగి రాబట్టడం మాత్రం వాళ్ల తర్వాతి తరాలకే చేతనైంది. కీర్తన వినబడగానే ఆమె ఎడమచేతి మీట నొక్కుతుంది. కీర్తన, వాక్యం, ఆమెన్, అన్నీ జల్లెడ పట్టి పవిత్రపాత్రలోకి పోతాయి. మిగిలింది కారణాలు తేల్చే యంత్రానికి, కారణికి వెళుతుంది.

పక్క బల్ల దగ్గర సుభాని చేసేదీ అదే పని. అతను తీసేది అజాన్ పిలుపు, దువా వేడుకోలు, అల్లాహు అక్బర్ అనే తక్బీర్. ఎవరి ప్రార్థన వాళ్లే తీయాలి, ఒకరి పాత్ర ఒకరు ముట్టుకోకూడదు. శాంతి మండలి పెట్టిన మొదటి నియమమే అది. ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని రెండువైపుల పెద్దలూ కూర్చుని ఎంతో మర్యాదగా రాసుకున్నారు. మర్యాద కోసం మనవాళ్లు చెవులైనా కోసుకుంటారు.

రెండు తరాల కిందట, సముద్రం పాతరేవును మింగకముందు, ఆ ఊళ్లో క్రైస్తవులూ ముస్లిములూ ఒకరినొకరు చంపుకున్నారు. ఒకేరోజు మసీదు కాలింది, చర్చి కాలింది. లోపలున్నవాళ్లు బయటికి రాలేదు. బతికి బయటపడ్డవాళ్లు మెట్టకు వచ్చి కొత్తరేవు కట్టుకున్నారు, కాలవకు ఇటు వీళ్లు, అటు వాళ్లు. ఎందుకు జరిగిందన్న ప్రశ్న మనుషులకు వదిలితే మళ్లీ కత్తులు లేస్తాయని దాన్ని కారణికి అప్పగించారు. సముద్రంలోంచి తీసిన పాతరేవు ఇటుకలు విని కారణి తేల్చి చెప్పింది, ఇప్పటికీ దొరికిన ఇటుకనల్లా వింటూ అదే చెబుతోంది. మంచినీళ్లు, పడవల రేవు, పుకార్లు. మతం మాత్రం సున్నా. ఆ సున్నాను కాలవ వంతెన మీద రాతిలో చెక్కించారు. బడికి పోయే పిల్లలు దాన్ని వేళ్లతో తడుముతూ పోతారు.

అదే జల్లెడతో కారణి ఇప్పటి ఊరినీ వింటుంది. ప్రతి దీపస్తంభానికీ ఒక చెవి ఉంది. ఎక్కడైనా రక్తపాతం పొంచి ఉందనిపిస్తే అక్కడి దీపాలు పసుపుపచ్చగా మారతాయి, వంతెనకు రెండు చివరలా గేట్లు పడతాయి. ఇప్పుడు నీళ్లకు కొరత లేదు. నిరీక్షణకు ఊహ తెలిసినప్పటినుంచీ దీపాలు తెల్లగానే ఉన్నాయి.

ఈరోజు గిన్నెలో ఉన్నది మసీదు ఇటుక. మసీదు ఇటుకలో కీర్తన ఎందుకుంటుందని పనిలో చేరిన కొత్తలో అనుకునేది. ఉంటుంది, తలుపు బయట నిలబడి పాడితే. చక్కటి కీర్తన, అందరూ శ్రుతిలో పాడారు. చరణానికీ చరణానికీ మధ్య ఒక బోధకుడి గొంతు లేస్తుంది, ‘ప్రభువు వీళ్లను మన చేతికి అప్పగించాడు’ అంటుంది. ఆమెన్ అంటారు జనం. తర్వాత తలుపుకు అడ్డంగా దుంగ పడిన చప్పుడు. ఇన్నాళ్లూ ఆమె మీట నొక్కుతూనే వచ్చింది. కీర్తనా వాక్యమూ ఆమెనూ జల్లెడ పాలయ్యాక మిగిలేది ఏదో దుంగ చప్పుడూ మంట చిటపటలూ కేకలే. ఎవరూ అంటించకుండా అంటుకున్న మంటనే కారణి ఇంతకాలం వింటోంది.

ఈరోజు చెయ్యి మీట మీదికి పోలేదు. బోధకుడి ఆ మాటనే ఆమె నిన్న సాయంత్రం చర్చిలో శ్రమదినాల ప్రార్థన కూడికలో విన్నది. చెప్పింది ఆమె తమ్ముడు జయశీల్. ఇటుకలో ఏముందో వాడికి తెలియదు, గ్రంథంలోంచి తనంతట తానే వెతికి తెచ్చుకున్నాడు. జనం అలాగే ఆమెన్ అన్నారు. రేపు గుడ్ ఫ్రైడే. శిలువ ఊరేగింపు మొట్టమొదటిసారి వంతెన దాటి మసీదు వీధిలోకి పోతుందని, అదీ జుమ్మా నమాజు వేళకని వాడు ప్రకటించాడు. దారి మార్చుకోరా అని ఆమె వాడింటికి వెళ్లి బతిమాలింది. వాడు నవ్వాడు.

“దీపాలు తెల్లగానే ఉన్నాయి కదక్కా. నీ భయమేంటి?”

నిరీక్షణ తొడుగు తీసి సుభాని వైపు తిరిగింది. ఇద్దరూ ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్లు, ఒకరి కూర ఒకరు వడ్డించుకున్నవాళ్లు. పాత్రల సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నీ పాత్రలో ఏముందని ఆమె అడిగింది. అతను తన తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు.

“చర్చి ఇటుకల్లో మావాళ్ల తక్బీర్ ఉందక్కా, కిటికీల కింద” అన్నాడు. “మధ్యలో ఒకాయన దువా చేస్తాడు. అచ్చం మా తాత గొంతే.”

“ఏమని చేస్తాడు?”

“జాలి కలగకుండా చెయ్యమని.”

ఆమె తన పాత్రలో ఉన్నది చెప్పింది, నిన్న తమ్ముడు అన్నదీ చెప్పింది. రేపటి సంగతి అతనికి ముందే తెలుసు. అవతల కుర్రాళ్లు మేడల మీదికి రాళ్లు చేర్చారట, దువా చేసి మరీ చేర్చారట. రాళ్ల చప్పుడు కారణి విన్నది కానీ ఇళ్లు కట్టుకుంటున్నారనుకుంది. ఆ వీధిలో మొదటి ఇల్లు సుభానిదే. పుట్టింటికి పొమ్మంటే అతని భార్య రమీజా పోనని కూర్చుంది.

నీళ్ల గొడవ అబద్ధమేమీ కాదు. పాతరేవులో ప్రతి వేసవీ బిందెల దగ్గర జుట్టు జుట్టు పట్టుకున్నారు, తలలు పగిలాయి. ఎవరూ చావలేదు. నీళ్ల కోసం కొట్టుకునేవాడు బిందె నిండగానే ఇంటిదారి పడతాడు. దేవుడి పని మీద వచ్చినవాణ్ణి ఇంటికి పొమ్మనేదెవరు? ఇది ఆలోచించినందుకు నిరీక్షణ విశ్వాసం ఏమీ తగ్గలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. తను రోజూ మోకరించి పాడే కీర్తనే అది.

పాత్ర కారణిలో పోస్తే ఊళ్లో ప్రతి ప్రార్థన మీదా చెవి పడుతుంది. సంఘంలోంచి వెలేస్తారు, తమ్ముడు జన్మలో గడప తొక్కడు. పోయకపోతే రేపు వాడే ఆ వీధిలో చంపుతాడు, లేదా చస్తాడు.

“నీదొకసారి నాకివ్వు సుభానీ.”

“వినకూడదు కదక్కా.”

“విననందుకే కదా ఇక్కడిదాకా వచ్చింది.”

అతను తన తొడుగు ఇచ్చాడు, ఆమెది తీసుకున్నాడు. ఆమెకు ఆ భాష తెలియదు, కానీ ఆ గొంతు తెలుసు. అంత తియ్యగా, అంత నమ్మకంగా నిన్న తమ్ముడు పలికాడు. సుభాని కళ్లు మూసుకుని కీర్తన చివరిదాకా విన్నాడు, దుంగ పడిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు.

పాత్రలకు తాళాలు లేవు. తెరిచేవాళ్లుంటారని ఎవరూ అనుకోలేదు. ఇద్దరూ రెండు పాత్రలూ కారణిలోకి ఒంపి, జల్లెడలు రెండూ ఎత్తేశారు.

కారణి అదంతా మళ్లీ లెక్కగట్టింది. తర్వాత గోడ మీద మతం వాటా చూపే పలకలో సున్నా చెరిగిపోయింది. దాని చోట అంకెలు మొదలై, ఎదుగుతూ పోయి, సగం దాటాక ఆగాయి. ముందు చర్చి వీధిలో దీపాలు పసుపుపచ్చగా మారాయి, ఆ వెంటనే మసీదు వీధిలో. వంతెన గేట్లు పడ్డాయి. ప్రార్థనల్లోనే ప్రమాదం వినబడిందని, ఊరేగింపు రద్దయిందని, మేడలు సోదా చేస్తారని స్తంభాలు రెండువైపులా చాటాయి. నిరీక్షణకు ఏడుపొచ్చింది. బతికించాం అనుకుంది.

వాళ్లిద్దరూ పనిచేసే ఈ కేంద్రం వంతెన నడుమ ఉంది, ఎవరి వైపుదీ కాకుండా అక్కడ కట్టారు. మధ్యాహ్నానికి రెండు గేట్ల దగ్గరా జనం పోగయ్యారు. ఇటు గేటు ముందు శిలువ ఎత్తుకుని జయశీల్ ఉన్నాడు. అటు గేటు ముందు మేడల మీంచి దిగిన రాళ్లున్నాయి. మా దేవుడి మీద నింద వేసినవాళ్లను బయటికి పంపండని ఇటూ అడుగుతున్నారు, అటూ అదే అడుగుతున్నారు. కొత్తరేవు పుట్టాక రెండువైపులా ఒకే మాట మీద నిలబడటం ఇదే మొదలు.

సుభాని కిటికీ రెక్క వేసి వచ్చాడు.

“రేపు ఒకళ్ల మీదికొకళ్లు పోయేవాళ్లు. ఇవాళే ఇద్దరూ కలిసి మన మీదికొచ్చారక్కా.”

“అదే నయంలే” అంది నిరీక్షణ.

అటు గేటు ఇనుము వంగుతున్న చప్పుడైంది. ఇటు గేటు దగ్గర కీర్తన మొదలైంది, అందరూ శ్రుతిలో పాడుతున్నారు. మొదటి చరణం అయ్యాక జయశీల్ గొంతు లేచింది.

“ప్రభువు వీళ్లను మన చేతికి అప్పగించాడు.”

అలవాటుగా ఆమె ఎడమచెయ్యి మీట మీదికి పోయింది. వేళ్లు దాని మీద ఆగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, తమ్ముడి మాటను కారణిలోకి పోనిచ్చింది.

ఆ గదిలో దీపం ఎన్నడూ రంగు మారలేదు. ఇప్పుడు పసుపుపచ్చగా మారింది.