రెండు సుట్లు తిప్పిన మర

సుక్కమ్మ పొద్దుగాల్నే జొన్నరొట్టెలు చేస్తాంది గానీ ఇంట్ల రొట్టెల వాసన కన్న తుపాకి నూనె వాసనే ఎక్కువున్నది. ఎట్ల ఉండది, ఆమె మామ కిష్టయ్య ముప్పై ఏండ్ల సంది గడిల దొర తుపాకులు చూసుకునేటోడు. కొల్లాపూర్ దిక్కు చిన్న గడి అది. దసరా వచ్చిందంటే గుట్ట కింద చాందమారి పెట్టేటోళ్లు, తెల్ల కాయితం మీద నల్ల బొట్టు, దానికి తగలాలె, అంతే. పిల్లలకు గాలి తుపాకి, పది గజాలు. పడుకొని కాల్చేటోళ్లకు చిన్న రైఫిల్, యాభై గజాలు. ఇగ పెద్ద రైఫిల్ అయితే రెండొందల గజాలు, కాలిస్తే జబ్బ మీద గుర్రం తన్నినట్టే ఉంటది.

ఇప్పుడు ఆ దసరాలు లేవు. పోలీసు యాక్షన్ అయి రెండు నెలలైంది, దొర పట్నం పోయి అక్కడ్నే ఉన్నడు. ఊర్ల క్యాంపు ఏసిన మిలిట్రీ ఆఫీసరు తుపాకులన్నీ జమ చెయ్యాలన్నడు. దాంతోపాటు ఇంకో మాట గూడ అన్నడు. క్యాంపుల తుపాకులు చూసుకునేటందుకు ఒక్క మనిషి కావాలె, నౌకరి సర్కారుది. గడి తుపాకులు మోసిన ఇండ్లు రెండే, ఇంటికి ఒక్కలు రావాలె, చిన్నదో పెద్దదో ఏ రైఫిల్ అయినా సరే, పది తూటాలు కాల్చాలె, ఎక్కువ తగిలినోనికే నౌకరి. ఆ పోటీ ఈ పొద్దే, అది అయినంకనే తుపాకులు జమ.

కిష్టయ్య ఇంటి నుంచి ఎవ్వలు? ఈ ఒక్క మాట మీదనే పెద్దకొడుకు గుర్వయ్యకు పదిరోజుల సంది తిండి సైసలేదు, నిద్ర పట్టలేదు.

అడుగుదామంటే నాయిన నోరు తెరువడు. రోజూ తెల్లారంగనే చిన్నోడు బుచ్చయ్యను తోలుకొని, చిన్న రైఫిల్ పట్టుకొని గుట్ట ఎనకకు పోతడు. టక్, టక్ అని సప్పుడు ఇంటిదాక వినొస్తది. వచ్చినంక మళ్ల ఇద్దరూ ఆ రైఫిల్ ముంగట్నే కూసుంటరు, దాని మర తిప్పుతరు, నూనె రాస్తరు. మొన్న నాయిన మేక తోలు కోసి, చెంప ఆనించే కాడ మెత్తగ కుట్టిండు గూడ. గుర్వయ్య చూసుకుంటనే పోయిండు. చిన్నప్పటి సంది గిట్లనే. గాలి తుపాకితోని బుచ్చయ్య చింతకాయ రాలగొడితే నాయిన వాన్ని భుజం మీద ఎక్కించుకున్నడు. గుర్వయ్య రెండు కాయలు రాలగొడితే, మోచెయ్యి సక్కగ పెట్టురా అన్నడు.

"నీ తమ్మునికి పెండ్లి లేదు, పిల్లలు లేరు. నాకు ఏడో నెల," అన్నది సుక్కమ్మ రొట్టె తిప్పుకుంట. "మామకు కండ్లు లేవా?"

"ఉన్నయి. చిన్నకొడుకు మీదున్నయి."

ఆ మాట ఆమెకు చెప్పుడు కాదు, తనకు తనే చెప్పుకున్నడు. ఎందుకంటే అసలు సంగతి ఆమెకు గూడ తెల్వదు. రెండేండ్ల కింద పెద్ద రైఫిల్ తన్నుడుకు జబ్బ వాచింది గుర్వయ్యకు. అప్పటి సంది మీట నొక్కే ముందల వాని కండ్లు వాటంతటవే మూసుకుంటయి. తుపాకి అంటే భయం పట్టిందని తుపాకులు చూసుకునేటోని కొడుకు ఎవ్వనికి చెప్తడు, ఎవ్వనికీ చెప్పలే.

గప్పుడే నాయినా తమ్ముడూ తానానికి బాయికాడికి పోయిన్రు. మంచం మీద గొంగడి, గొంగడి మీద చిన్న రైఫిల్. దాని ఎనకాల గురి చూసే చిన్న బెజ్జం ఉంటది, బెజ్జం పక్కన మర. ఆ మర జర తిప్పితే తూటా పోయే జాగనే మారుతది. గుర్వయ్య చేతికి నాయిన పనిముట్ల సంచి అందింది. కడుపుల మంట ఎంత ఉన్నదంటే, ఏ దిక్కు తిప్పుతున్నడో గూడ చూసుకోలే. ఒక సుట్టు. ఇంకో సుట్టు. రైఫిల్ ఎట్లున్నదో గట్లనే పెట్టి, వచ్చి రొట్టె ముంగట కూసున్నడు.

గుట్ట కింద ఊరు సగం జమైంది. ఆఫీసరు కుర్చీల కూసున్నడు. కాయితం కింది గుంతల కూసొని తూటా ఏడ తాకిందో కట్టెతో చూపెట్టేది హమీద్ చాచా, దొర జమానా సంది ఆయన పని అదే. ముందు రెండో ఇంటి గాలయ్య పెద్ద రైఫిల్ తోని కాల్చిండు. పదికి తొమ్మిది. జనం ఈలలేసిన్రు.

ఇగ కిష్టయ్య లేచిండు. బుచ్చయ్య జబ్బ మీది రైఫిల్ అందుకున్నడు, నడుసుకుంట వచ్చి పెద్దకొడుకు చేతుల పెట్టిండు.

గుర్వయ్యకు సమజ్ కాలే.

"పండుకో," అన్నడు కిష్టయ్య మెల్లగ, ఎవ్వలకు వినపడకుంట. "నువ్వు కండ్లు మూస్తున్నవని హమీద్ ఎప్పుడో చెప్పిండు, నీ తూటాలన్నీ కిందికే దిగుతున్నయట. ఇది తన్నదిరా. నీకు ముందుగాల చెప్తే, నాకు భయమనుకున్నవా అని రైఫిల్ ముట్టకపోదువు. నీ కన్నూ చిన్నోని కన్నూ ఒక్క తీరే, అందుకే వానితోని గురి కుదిరిచ్చిన. నౌకరి అన్నకే కావాలె, వదినె ఒట్టి మనిషి కాదని ముందుగాల అన్నది గూడ వాడే."

గుర్వయ్య పండుకున్నడు. చెంప ఆనిస్తే మేక తోలు సరిగ్గ కుదిరింది, వాని చెంపకే కొలిచినట్టు. ఏ దిక్కు తిప్పిండో యాదికి లేదు. మీట నొక్కిండు, కండ్లు మూసుకోలే, నిజంగనే మూసుకోలే, ఆ రైఫిల్ తన్నలే. హమీద్ చాచా కట్టె లేపి చూపెట్టిండు. బొట్టుకు ఎడమదిక్కు, నాలుగు వేళ్ల దూరం.

ఇప్పుడు తెలిసింది. ఇగ తొమ్మిది తూటాలకూ నాలుగు వేళ్లు కుడిదిక్కు గురి పెడితే సాలు, ఎవ్వలకూ తెల్వదు. మొదటిది ఎట్లనో తప్పింది అనుకుంటరు, అంతే.

కానీ కిష్టయ్య అప్పటికే చిన్నకొడుకు దిక్కు తిరిగిండు. పదిరోజులు కుదిరిచ్చింది గిదేనా, మర బిగియ్యకుంట వదిలిపెట్టినవా, సొంత అన్న నౌకరిరా అని అందరి ముంగట తిట్టవట్టిండు. బుచ్చయ్య తలకాయ వంచిండు. బిగిచ్చిన నాయినా అని గూడ అనలే. నిజంగనే మరిచిపోయిననా అని వేళ్ల మీద లెక్క చూసుకుంటున్నడు పాపం.

గుర్వయ్య రైఫిల్ కింద పెట్టి లేచి కూసున్నడు.

"వాన్ని అనకు నాయినా. నేను తిప్పిన. పొద్దుగాల మీరు బాయికాడికి పోయినప్పుడు. వానికనుకొని తిప్పిన."

 గుంతలకెల్లి హమీద్ చాచా తల బయటికి పెట్టిండు. ఆఫీసరు ఏందని అడుగవట్టిండు. కిష్టయ్య చెయ్యి లేపిండు గానీ ఆ చెయ్యి గట్లనే ఆగింది, మెల్లగ దిగింది.

గుర్వయ్య తమ్ముని దిక్కు చూడలేకపోయిండు. "నువ్వు కాల్చు తమ్మీ," అన్నడు. "నాకు వద్దు."

బుచ్చయ్య పనిముట్ల సంచి పట్టుకొని వచ్చి అన్న పక్కన మోకాళ్ల మీద కూసున్నడు.

"ఎన్ని సుట్లు?"

"రెండు."

వాడు మర మీద దాన్ని తిప్పే ఇనుప పుల్ల పెట్టి, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంట ఎనకకు తిప్పిండు. వాని కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి.

"పేరు నీది రాసిన్రు. పండుకో అన్నా. తొమ్మిదున్నయి ఇంకా."

గుర్వయ్య కాల్చిండు. తొమ్మిదిట్ల ఎనిమిది నల్ల బొట్టుల పడ్డయి, ఒక్కటి మాత్రం కంట్ల నీళ్లకు బొట్టు కనపడక అంచు దాటింది. పదికి ఎనిమిది. నౌకరి గాలయ్యకు పోయింది. తుపాకులన్నీ క్యాంపు బండ్ల ఏసిన్రు. చిన్న రైఫిల్ ఎయ్యబోయే ముందల కిష్టయ్య దానికి కుట్టిన మేక తోలు విప్పిండు, వచ్చి గుర్వయ్య అరచేతుల పెట్టిండు. నువ్వు నిద్రపోయినప్పుడు మూడుసార్లు కొలిచిన నీ చెంప, గురక బాగ పెడ్తవు అన్నడు. అది తిట్టో కాదో తెల్వదు గానీ గుర్వయ్య అక్కడ్నే నేల మీద కూలబడి చిన్నపిల్లగాని తీరు ఏడ్చిండు.

ఇంటికొచ్చి గుర్వయ్య సుక్కమ్మకు అంతా చెప్పిండు. పొద్దుటి మాట ఆమెకు గూడ గుచ్చుకున్నది. తర్వాత లేచి మరిదికి ముందుగాల రొట్టె పెట్టింది, పుంటికూర ఏసింది, నెయ్యి కుండ అడుగుదాక గోకి ఏసింది.

"మర తిప్పుడు మస్తుగ వచ్చు నీకు," అన్నడు కిష్టయ్య పెద్దకొడుకుతోని, రొట్టె తుంచుకుంట. "రేపటి సంది నాగండ్లు, మోటలు బాగుచేసే పని పట్టుదాం. ముగ్గురం."

పొద్దుమూకే యాళ్లకు అన్నదమ్ములు ఇద్దరూ చేను దిక్కు పోయిన్రు. బుచ్చయ్య ముందల నడుస్తున్నడు. మోయనీకి రైఫిల్ లేదు, అయినా అలవాటుకు వాని కుడి జబ్బ కిందికి వంగే ఉన్నది. గుర్వయ్య గబగబ నడిచి ఆ దిక్కుకు పోయిండు. ఆ జబ్బ మీద చెయ్యి ఏసిండు. బుచ్చయ్య తియ్యమనలే. గట్లనే ఇద్దరూ గట్టు దిగిపోయిన్రు.