మైకు పెద్దకోడలి చేతికొచ్చింది

"ఇవాళ అత్తయ్యను నేను తయారు చెయ్యను! స్నానం చేయించడం, తల దువ్వడం, మెట్లు దింపడం... అన్నీ నీ పెళ్ళామే చెయ్యాలి. సినిమాలో చేసింది ఆవిడేగా!"

పెద్దకోడలు ఇంత గట్టిగా మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. మరిది తాగబోతున్న కాఫీ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. వీధి చివర స్టూడియో పెట్టుకుని పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ వీడియోలు తీసే మనిషి అతను. ఎంత మూతి ముడుచుకున్న పెళ్ళికొడుకునైనా నవ్వించగలడు గాని, ఇవాళ వదినను మాత్రం బతిమాలుకోవాల్సి వచ్చింది.

"వదినా, ఈ ఒక్క పూట పంతం మానేద్దూ! సాయంత్రం హాలు నిండా జనం ఉంటారు..."

"ఉండనీ! వాళ్ళ కోసమేగా నేనూ చూస్తున్నది!"

ఆ మాటలోని కత్తి అతనికి అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఆ సినిమాను ఆ పూటే చెత్తబుట్టలో పడేసేవాడు!

ఏటా వాడకట్టులోని వాళ్ళంతా కలిసి జరుపుకునే బొమ్మల పండుగ అది. వరండా పొడవునా తాళ్ళు కట్టి ఫొటోలు తగిలిస్తారు. హాల్లో తెల్లటి తెర మీద ఇంట్లోవాళ్ళు తీసిన చిన్న సినిమాలు వేస్తారు. చూసినవాళ్ళకు రేపటి మీద ఆశ పుట్టాలి, అదొక్కటే షరతు. ఇంకో పద్ధతి కూడా ఉంది. సినిమాకు శబ్దం ఉండకూడదు. బొమ్మ నడుస్తుంటే ఇంటి మనిషి ఒకరు మైకు పట్టుకుని కథ చెప్పాలి. ఆ మనిషి ఎవరన్నది, ఎవరి కథో వాళ్ళే వేదిక మీద చెయ్యి చూపించి చెప్పాలి. పండుగ నడిపే డ్రాయింగు మేష్టారు ఈ విషయంలో ఎవరి మాటా వినరు.

ఈసారి కథ అత్తగారిది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట అన్నీ ఒక్కసారి పడిపోయిన మనిషి, మళ్ళీ లేచి నడిచిన కథ! కానీ ఆ మనిషిని లేపిందెవరు? ఒళ్ళు పుండు పడకుండా పక్కకు తిప్పిందెవరు? పసిపిల్లకు నేర్పినట్టు ఒక్కో మాటా నేర్పిందెవరు? పెద్దకొడుకు లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. చిన్నకోడలికి బట్టల కొట్లో ఉద్యోగం. అంతా పెద్దకోడలి రెక్కల మీదే గడిచింది. తీరా కెమెరా వచ్చేసరికి మరిది ఏమన్నాడు? "తెర మీద కాస్త కళ ఉండాలి వదినా. నువ్వు మరీ నలిగిపోయి కనిపిస్తున్నావు, కాస్త పక్కకు జరుగు!"

జరిగింది. నోరెత్తకుండా జరిగింది. ఆమెను రగిలిస్తున్నది ఆ మాట కాదు. అంతకుముందే, తన తల్లి మంచాన పడిందని కబురు వచ్చినప్పుడు తోటికోడలి చేతులు పట్టుకుని బతిమాలింది. "ఒక్క వారం అత్తయ్యను చూసుకో చెల్లీ, అమ్మను చూసి వస్తాను." చిన్నకోడలు నేల చూపులు చూస్తూ, "నడుం పట్టేసింది అక్కా... నా వల్ల కాదు," అంది. ఆ వారంలోనే తల్లి పోయింది! పెద్దకోడలు వెళ్ళేసరికి ఆ కళ్ళు మూతపడి ఉన్నాయి. ఆ రోజే ఆమె మనసులో అనుకుంది... దీనికి బదులు తీర్చుకోకుండా ఊరుకోను! ఇవాళ సినిమా సగంలో హాలు మధ్య లేచి నిలబడి చిన్నదాన్ని పదిమందిలో కడిగేయాలి. అప్పటిదాకా పళ్ళ బిగువున ఉండాలి.

ఇంతలో లోపలి గదిలోంచి అత్తగారి మూలుగు వినిపించింది. చిన్నకోడలు కొత్త జాకెట్టు ముందుగా మంచి చేతికి తొడిగేసి, పడిపోయిన చేతిని వెనక్కి విరిచి లాగుతోంది! పెద్దకోడలి పంతం గడప దగ్గరే ఆగిపోయింది. "తప్పుకో! పట్టు లేని చేతికి ముందు తొడగాలి, మంచి చెయ్యి దానంతటదే వస్తుంది. ఆమాత్రం తెలీదు గానీ సినిమా హీరోయినువి!" అంటూ అత్తగారిని తన చేతుల్లోకి తీసుకుంది. చిన్నకోడలు కళ్ళు దించుకుని పక్కకు తప్పుకుంది.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. చిన్నకోడలు వారం రోజులుగా అద్దం ముందు బట్టీపట్టిన మాటలు గొణుక్కుంటోంది. మరిది తల్లికి పదేపదే చెప్పాడు, "మేష్టారు అడగ్గానే దీని వైపు చెయ్యి చూపించమ్మా!" ఆమె తల ఊపింది కూడా. వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి మేష్టారు వంగి అడిగారు.

"ఎవరు చెప్పాలమ్మా నీ కథ?"

అత్తగారి ఎడమ చెయ్యి లేచింది. చిన్నకోడలిని దాటి, కొడుకును దాటి, స్తంభం పక్కన నిలబడ్డ పెద్దకోడలి మీద ఆగింది!

మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. పెద్దకోడలు వేదికెక్కి మైకు అందుకుంది. తను లేచి అరవక్కర్లేదు, దేవుడే మైకు చేతికిచ్చాడు! లైట్లు ఆర్పేశారు, తెర మీద బొమ్మ కదిలింది.

"ఈమె మా తోటికోడలు," అని మొదలుపెట్టింది. "అత్తయ్యకు ముద్ద పెడుతోంది చూశారా? కెమెరా ఆగాక ఆ గిన్నె నా చేతికొచ్చింది. ఇదిగో, ఇక్కడ చెయ్యి పట్టి నడిపిస్తోంది. పడిపోయిన పక్క పట్టుకోవాల్సింది, వెలుతురు బాగుందని ఇటు పక్క పట్టుకుంది. మరుక్షణం అత్తయ్య కూలిపోతే పట్టుకున్నది నేను. అది మీకు కనిపించదు, మా మరిది కత్తిరించేశాడు!"

హాల్లో గుసగుసలు లేచాయి. ఆమెకు ఇంకా చల్లారలేదు.

"మా అమ్మ చావుబతుకుల్లో ఉందమ్మా, ఒక్క వారం చూసుకోమంటే ఈవిడకు నడుం పట్టేసింది! ఆ తర్వాత నెల తిరక్కుండా తీసిన బొమ్మ ఇది. అత్తయ్యను ఎంత ఒడుపుగా లేపుతోందో చూడండి... ఆ నడుం చూడండి, ఎంత చక్కగా వంగుతోందో!"

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. చిన్నకోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆహా! ఇన్నాళ్ళ మంటకు ఇప్పుడు కదా నీళ్ళు పడ్డాయి!

దబదబా చప్పుడైంది. అత్తగారు ఎడమ చేత్తో కుర్చీని బాదుతోంది. పెద్దకోడలు కంగారుగా దగ్గరికి వంగేసరికి, ముసలావిడ ఆ మణికట్టు పట్టి మైకును తన నోటి దగ్గరికి లాక్కుంది.

"దానికి... నొప్పి లేదు. నేనే... అలా చెప్పమన్నా. ఒట్టు... వేయించా." ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది. "నువ్వు పోతే... మళ్ళీ రావని... భయం!"

నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తెర మీద ఎవరూ చూడని బొమ్మ నడుస్తూనే ఉంది. పెద్దకోడలు తోటికోడలి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల తన కళ్ళలోకి ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలిసింది!

"మరి అన్ని మాటలు పడ్డావేమే! ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"ఏం చెప్పనక్కా..." చిన్నకోడలు వెక్కిళ్ళ మధ్య అంది. "అడిగింది అత్తయ్యే అయినా, అబద్ధం ఆడింది నా నోరేగా... మీ అమ్మగారు అంతలోనే పోతారనుకోలేదక్కా..."

పెద్దకోడలు తోటికోడలిని దగ్గరికి లాక్కుంది. ఆ తల తన భుజం మీద ఆనుకున్నా కోపం తగ్గలేదు. ఇప్పుడది ఎవరి మీద చూపించాలి? పసిబిడ్డలా సాకిన ఈ ముసలిదాని మీదా? మైకు కింద పెట్టేసి అత్తగారి కుర్చీ పక్కన కూలబడింది.

"రేపు మా అమ్మ ఇంటికి వెళ్తున్నాను అత్తయ్యా. అమ్మ గది తలుపు ఇంతవరకూ తెరవలేదు. ఇక్కడ చెల్లెలు చూసుకుంటుంది."

"చూసుకుంటానక్కా!" అంది చిన్నకోడలు.

అత్తగారు ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుంది. "మళ్ళీ... వస్తావా?"

పెద్దకోడలు ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"మా అమ్మ కూడా చివరి ఊపిరి దాకా అదే అడిగిందట అత్తయ్యా... వస్తుందా, వస్తుందా అని."

అత్తగారు తల దించుకుంది. ఆ వంకర పెదవుల మధ్య నుంచి మాట కూడబలుక్కుంది.

"నేనూ... అడుగుతూ ఉంటాలే... తల్లీ."

పెద్దకోడలు ఆమె కళ్ళు తుడిచింది గాని, వస్తానని మాత్రం అనలేదు.