సున్నా మార్కుల కాపలాదారు

శుక్రవారం పొద్దున్నే ఇన్సాఫ్ హబాష్నే ఇంటి తలుపు తట్టకూడదని అమ్మాన్ నగరంలో ఆమెను ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. వారమంతా ఊరివాళ్ళ అబద్ధాలు తవ్వితీసే ఆ ప్రైవేటు డిటెక్టివ్, ఆ ఒక్కపూటా నువ్వుల రొట్టె, ఉడికించిన గుడ్డు ముందు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా తింటుంది. ఆమె సహాయకుడు యానల్ కూడా ఆ పూట వస్తే టీ కాచిపెట్టి ఓ మూల కూర్చుంటాడే తప్ప నోరు విప్పడు.

ఆ శుక్రవారం తలుపు తట్టలేదు, బాదారు. యానల్ తెరిచేసరికి ఒక ముప్పై అయిదేళ్ళ ఆవిడ, జుట్టు సగం ముడివేసుకుని, సగం మరిచిపోయి, గుమ్మంలో నిలబడి ఉంది. పేరు లుబ్నా షాహీన్. లువైబ్దె కొండమీద కార్డుల ఆట దుకాణం నడుపుతోంది.

"మేడమ్, మా షాపులో దొంగతనం జరిగింది. సాయంత్రంలోగా తేల్చకపోతే ఒక పెద్దమనిషి పరువు పోతుంది."

"ఏం పోయింది?"

"ఒక కార్డు."

"ఖరీదైందా?"

లుబ్నా తలదించుకుంది. "కాదండీ. అసలెందుకూ పనికిరానిది."

ఇన్సాఫ్ చేతిలోని గుడ్డును పళ్ళెంలో పెట్టి యానల్ వంక చూసింది. ఆ చూపు అర్థం అతనికి తెలుసు. 'దీన్ని లోపలికి రానిచ్చింది నువ్వే.'

లుబ్నా చెప్పిన సంగతి ఇది. షాపులో ఆడే ఆట పేరు ఏడు కోటలు. ఆడేవాడు వంతు వచ్చినప్పుడల్లా కట్టలోంచి ఒక కొత్త కార్డు తీసుకుంటాడు, ఉన్నవాటితో ఎదుటివాడి కోటలు కూలుస్తాడు. షాపు గాజు బీరువాలో రెండు కార్డులుండేవి. ఒకటి అగ్నిపక్షి. దేశంలో ఇంకెవరి దగ్గరా లేని కార్డు, దానికోసం కొట్టుకునేవాళ్ళున్నారు. రెండోది నిద్రపోయే కాపలాదారు. ఎప్పుడో ఒక ఉత్సవంలో ఉచితంగా పంచితే జనం అక్కడే పారేసి పోయిన కార్డు. దాని కింద 'ప్రపంచంలోకెల్లా పనికిరాని కార్డు' అని వెటకారంగా ఒక చీటీ. ఆ కాపలాదారు బొమ్మ గీసినాయన సమాన్ బజ్జాలీ ఈ ఊరివాడే. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క కార్డును అందరూ చూడ్డానికని షాపుకి ఇచ్చాడు.

"నిన్న సాయంత్రం షాపులో నలుగురే ఉన్నారు. నేను బీరువా తాళం వేయకుండానే టీ పెట్టడానికి వెనక్కి వెళ్ళి వచ్చేసరికి కాపలాదారు లేడు. తలుపేసి, వాళ్ళ ఇష్టం మీదే అందరి సంచులూ, జేబులూ వెతికాను. దొరకలేదు. సమాన్ బాబాయ్ కూడా ఉన్నాడక్కడ. పాపం, ఆయనా జేబులు తీసి చూపించాడు. ఆ ఫిరాస్ అబైదాత్ లేడూ, మా చాంపియన్, రాత్రి మా గుంపందరికీ మెసేజి పెట్టాడు. చీటీ చూసి ముసలాయనకి ఒళ్ళు మండి తనే తీసేసి ఉంటాడని. ఇవాళ సాయంత్రం ఫైనలు. ఆయన వస్తాడు. నేనాయన ముఖం ఎలా చూడను?"

"అగ్నిపక్షి ఉందా?"

"అదొక్కటే నా పుణ్యం. దాని ప్లాస్టిక్ డబ్బా కాస్త వదులు, పక్షి లోపల ఒక పక్కకి జారుతూ ఉంటుంది. రోజూ డబ్బాని తట్టి నిలబెడతాను. ఈ గొడవ మొదలైనప్పటి నుంచీ అది కూడా జారకుండా బుద్ధిగా నిలబడింది. నేనైతే భయంతో ముట్టుకోలేదు."

ఇన్సాఫ్ లేచింది. "పద యానల్. బంగారాన్ని వదిలేసి పేడ ఎత్తుకుపోయిన దొంగను చూసొద్దాం."

షాపు చిన్నది. గోడ పక్కన ఒక పెద్ద అట్టపెట్టె, నిండా ఎవరికీ అక్కర్లేని కార్డులు. ఎవరైనా ఊరికే ఏరుకోవచ్చు. సంచుల్లో దొరకని కార్డును దాచడానికి అంతకంటే మంచి చోటు లేదని యానలే అన్నాడు. అన్నందుకు ఆ పెట్టె మొత్తం వెతికే పని అతని నెత్తినే పడింది. గంటలతరబడి గొడ్డళ్ళూ, గోపురాలూ, కప్పలూ చూసి చూసి అతని కళ్ళు లాగేశాయి. కాపలాదారు మాత్రం లేడు.

ఈలోగా ఇన్సాఫ్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతోంది. ముందుగా చాంపియన్ ఫిరాస్. సాయంత్రం ఫైనల్లో ఆడే ఇద్దరిలో ఒకడు. కుర్చీ తిప్పి వేసుకుని కూర్చున్నాడు.

"ఆ కార్డు దేనికైనా పనికొస్తుందా?" అడిగింది ఇన్సాఫ్.

"టీ గ్లాసు కింద పెట్టుకోడానికి. దానిమీద ఏం రాసుందో తెలుసా మేడమ్? 'ఈ కార్డు బరిలో ఉన్నంతసేపూ నీకు కొత్త కార్డు రాదు.' పైగా అది దాడి కూడా చేయదు. సొంత కాలికి సంకెల వేసుకోడం అది."

"మరి సమాన్ గారే దొంగని ఎలా చెప్పారు?"

"ఇంకెవరికి కావాలండీ ఆ చెత్త?"

"అది ప్రశ్న నాయనా. నేను అడిగింది జవాబు."

ఫిరాస్ భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

తరువాత దీమా కైలానీ. వంతెనల ఇంజనీరు, ఫైనల్లో ఫిరాస్‌కి ఎదురు ఆడేది ఆమే. కార్డు గురించి అడగ్గానే పెదవులు బిగించింది.

"ఆ కార్డు గురించి సాయంత్రం దాకా నేనేమీ చెప్పను."

"ఎందుకని?"

"ఎందుకో చెప్తే చెప్పినట్టే కదండీ."

"నువ్వు దొంగవని అనుకుంటే?"

"అనుకోండి. ఫిరాస్ అవతల తలుపు దగ్గరే నిలబడి వింటున్నాడు."

యానల్ తొంగి చూశాడు. నిజంగానే ఫిరాస్ వింటున్నాడు. దీమా ఒక్క మాట మాత్రం అంది. "ఒక కార్డుని ఒంటరిగా చూసి మార్కులు వేయకూడదని నాకు నేర్పింది డాక్టర్ నదీమే. ఆయన్నే అడగండి."

మందుల షాపు నడిపే నదీమ్ తూతున్‌జీని ఊరంతా డాక్టర్ అనే అంటుంది. కొత్త కార్డు ఏది వచ్చినా ఆయన ఫోను ముందు కూర్చుని వీడియోలో దాని మంచిచెడ్డలు చెప్పి మార్కులు వేస్తాడు. ఆయన పది వేస్తే జనం ఎగబడతారు, సున్నా వేస్తే అట్టపెట్టెలో పారేస్తారు. గాజు బీరువాలోని చీటీ రాసిందీ ఆయనే.

"సున్నా వేశాను, ఇప్పుడూ సున్నాయే వేస్తాను," అన్నాడు నదీమ్, అడక్కముందే. "చూడండమ్మా, కార్డుకి మూడు పరీక్షలు. వచ్చిన వెంటనే మేలు చేయాలి, ఓడుతున్నప్పుడు ఆదుకోవాలి, ఎదుటివాడు దాన్ని చూసి జంకాలి. కాపలాదారు మూడింట్లోనూ తప్పాడు. కొత్త కార్డు రాకపోతే ఆడేవాడు ఎండిపోతాడు. ఉప్పు వర్తకుణ్ణి తోడు పెట్టినా మరీ నెమ్మది, ఈలోగా కోటలు కూలిపోతాయి. అది బొమ్మగా బావుంటే బావుండొచ్చు, కార్డుగా మాత్రం అవమానం."

ఆయన ఇంకా పావుగంట చెప్పాడు. యానల్‌కి ఆవలింతలు ఆగలేదు. ఇన్సాఫ్ మాత్రం కదలకుండా విని, "చాలా ఉపకారం చేశారు డాక్టర్," అంది.

చివరికి సమాన్ వచ్చాడు. తెల్లటి మీసాలు, వేళ్ళకి ఇంకా సిరా మరకలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ చీటీ చూసి మీకు కోపం రాలేదా?" అడిగింది ఇన్సాఫ్.

"నిద్రపోయేవాణ్ణి పనికిరానివాడంటే కోపమెందుకమ్మా? ఆ ఆట నాకు రాదు. బొమ్మ గీయమన్నారు, గీశాను. కానీ నిన్న నా జేబులు తిరగేసి చూపించాను చూడు, డెబ్బై ఏళ్ళు దాటాక, అది మాత్రం గుండెల్లో ముల్లులా ఉంది."

ఆయన వెళ్ళాక ఇన్సాఫ్ అట్టపెట్టె దగ్గరికి వచ్చింది. విసుగ్గా అంది.

"పొద్దుటి నుంచీ ఇంతమందిని దొంగ ఎవరని అడుగుతుంటే, ప్రతివాడూ ఆ కార్డుకి మార్కులు వేసేవాడే. యానల్, ఆ పెట్టెలో ఉప్పు వర్తకుడని ఏమైనా తగిలాడా?"

"ఒక్కడూ లేడు మేడమ్. ఎవరండీ అతను?"

లుబ్నా అందుకుంది. "అదొక పాత కార్డు మేడమ్. అదీ ఎవరికీ అక్కర్లేనిదే. ఆ పెట్టెలో బోలెడుండేవి. మొన్న దీమా అన్నీ ఏరుకుపోయింది, చూసి నవ్వుకున్నాను."

"దానిమీద ఏం రాసుంటుంది?"

"'కొత్త కార్డు రాని వంతులో, నువ్వు వాడి పారేసినవాటిలోంచి నీకు నచ్చింది ఒకటి తీసుకో,' అని."

యానల్ నోరు తెరిచాడు. ఇన్సాఫ్ గాజు బీరువా దాకా వెళ్ళి అగ్నిపక్షిని చూసి, ఏమీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చింది. "అందర్నీ పిలువు. నా రొట్టె ఎండిపోతోంది."

లుబ్నా, ఫిరాస్, దీమా, నదీమ్ బల్ల చుట్టూ కూర్చున్నారు. సమాన్ మాత్రం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇన్సాఫ్ నిలబడే మొదలుపెట్టింది.

"నాకు ఈ ఆట రాదు, నేర్చుకోవాలనీ లేదు. కానీ ఒకటి గమనించాను. ఆ కార్డు పనికొస్తుందా అని అందర్నీ అడిగాను. ఫిరాస్ కార్డు మీద రాసింది చెప్పి సంకెల అన్నాడు. అది తెలియనివాడి మాట, అందుకే నిజాయితీ మాట. దీమా నోరు మూసుకుంది. ఎందుకంటే ఆమెకో ఉపాయం తట్టింది. కాపలాదారుంటే కొత్త కార్డు రాదు. కొత్త కార్డు రాకపోతే ఉప్పు వర్తకుడు పాతవాటిలోంచి కావలసింది ఏరి ఇస్తాడు. వంతుకొకటి, ఏదో ఒకటి కాదు, సరిగ్గా కావలసిందే. అవునా అమ్మాయ్?"

దీమా ఫిరాస్ వంక చూసి నిట్టూర్చింది. "అవునండీ. ఫైనలు ముందు సమాన్ గారిని అడిగి కార్డు తీసుకుందామనుకున్నాను. ముందే అడిగితే వీడికి తెలిసిపోతుంది."

"అయితే దీమాయే తీసుంటుంది," అన్నాడు ఫిరాస్.

"అడిగితే ఇచ్చే మనిషి ఎదుటే ఉంటే దొంగిలించడం దేనికి? పైగా దొంగిలించిన కార్డుని అందరి ముందూ బల్లమీద వేస్తుందా? నువ్వు కాసేపు ఊరుకో." ఇన్సాఫ్ నదీమ్ వైపు తిరిగింది. "డాక్టర్, నేను కాపలాదారు గురించి అడిగాను. మీరు, ఉప్పు వర్తకుణ్ణి తోడు పెట్టినా నెమ్మదే అన్నారు. ఆ పేరు అప్పటిదాకా ఈ గదిలో ఎవరూ ఎత్తలేదు. సున్నా వేసి పారేసిన కార్డుకి జోడీ ఎవరో మీకెందుకు తట్టింది? ఎవరూ వేయని ప్రశ్నకి మీ దగ్గర జవాబు సిద్ధంగా ఎందుకుంది?"

నదీమ్ కళ్ళజోడు తీసి తుడవసాగాడు.

"దీమా మిమ్మల్ని సలహా అడిగింది కదూ?"

"గురువు కదాని అడిగాను," అంది దీమా నెమ్మదిగా. "పనిచేయదని కొట్టిపారేశారు."

"కొట్టిపారేసి ఇంటికెళ్ళి ఆడి చూసుకున్నారు. పనిచేసింది. ఇవాళ ఊరందరి ముందూ ఆ కార్డు గెలిస్తే, డాక్టర్ మార్కులకి విలువేముంటుంది? అందుకే అది ఫైనలు దాటేదాకా కనపడకూడదు. కనపడకపోతే చాలు, పోనక్కర్లేదు. దొంగకి కార్డు అక్కర్లేదు కాబట్టే సంచుల్లో దొరకలేదు. లుబ్నా, నీ పక్షి నిన్నటి నుంచీ జారట్లేదన్నావు. ఎప్పుడూ జారే కార్డు ఉన్నట్టుండి బిగుసుకు నిలబడిందంటే వెనక ఇంకోటుందని. డబ్బా తెరువు."

లుబ్నా ప్లాస్టిక్ డబ్బా మూత తీసింది. అగ్నిపక్షిని మెల్లగా పైకి లాగితే, దాని వీపుకి అతుక్కుని నిద్రపోయే కాపలాదారు కూడా వచ్చాడు. ఖరీదైనదని ఎవరూ ముట్టుకోని ఆ ఒక్క చోటే ఎవరూ వెతకలేదు.

నదీమ్ కళ్ళజోడు పెట్టుకోకుండానే అన్నాడు. "రేపు నేనే కార్డు దొరికినట్టు చూపిద్దామనుకున్నాను. చింపేయలేదు. చింపడానికి చేతులు రాలేదు."

"ఆ మాట ఆయనకి చెప్పండి. జేబులు తిరగేసింది ఆయన," అంది ఇన్సాఫ్.

నదీమ్ లేచి సమాన్ ముందు నిలబడ్డాడు. క్షమించమన్నాడు. సమాన్ పక్కకి తిరిగి తలూపాడు, అంతే. ఫిరాస్ ఎవరూ చెప్పకుండానే ఫోను తీసి, రాత్రి పెట్టిన మాట తప్పని గుంపుకి రాశాడు. సమాన్ కార్డు అందుకుని, ఒకసారి చూసుకుని, దీమా చేతిలో పెట్టాడు.

"ఆడు తల్లీ. ఇది ఏం చేస్తుందో నేనూ ఎప్పుడూ చూడలేదు."

ఇక వెళ్దామని యానల్ ఆశపడ్డాడు కానీ, ఎంత విసుగ్గా ఉన్నా ఇన్సాఫ్ కదల్లేదు. ఫైనలు మొదలైంది. కాపలాదారు బరిలోకి దిగగానే జనం నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది. దీమా పారేసిన కార్డులన్నీ ఒక్కొక్కటే వెనక్కి నడిచొస్తుంటే ఫిరాస్ మెడ వెనక చెమట పట్టింది. చివరికి ఒకే ఒక్క కోట తేడాతో దీమా ఓడిపోయింది.

ఫిరాస్ గెలిచిన కప్పుని ముట్టుకోకుండా కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ కార్డుకి సున్నా వేసిందెవరయ్యా?"

"నేనే," అన్నాడు నదీమ్.

"ఓడిపోయింది కదా, సున్నా సరైనదే," అని వెనకనుంచి ఒకడన్నాడు. "ఓడింది ఆమె ఆటవల్ల, కార్డువల్ల కాదు," అని ఇంకొకడు. "రెండో వంతులో దింపి ఉంటే," అని మూడోవాడు. క్షణంలో షాపంతా వాదన. ఇన్సాఫ్ రెండు చెవులూ మూసుకుని తలుపు వైపు నడిచింది.

ఫిరాస్ కార్డుని చేతిలోకి తీసుకుని సమాన్ దగ్గరికొచ్చాడు. "బాబాయ్, ఎవరీ ముసలాయన? ఎన్ని దెబ్బలేసినా కదలడే?"

సమాన్ కార్డు మీద బొటనవేలు ఆనించాడు.

"మా నాన్న. హిజాజ్ రైలు స్టేషన్లో రాత్రి కాపలా చేసేవాడు. పగలు నేను బొమ్మలు వేస్తుంటే ఎదుటి కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు. చప్పుడు చేయకుండా గీయాలి. ఎదురుగా ఉండి కదలని మనిషి ఆయనొక్కడే. అందుకే నాకు బొమ్మలు వేయడం వచ్చింది."