మరిగే నీళ్లు, రెండు నిమిషాలు

ఆరడుగుల మనిషి మీద అతనికి కోపం రావడానికి మొదటి కారణం, ఆ మనిషి ఆరడుగులు ఉండడమే.

రెండో కారణం, ఆ మనిషి రోజూ సాయంత్రం కింది వాటా అమ్మాయిని స్కూటర్ మీద తీసుకొచ్చి గేటు దగ్గర దింపడం. వాళ్లిద్దరూ ఒకే క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టులు. దారి ఒకటే కాబట్టి దింపుతున్నాడని అక్క ఎన్నిసార్లు చెప్పినా, పై వాటా కిటికీలోంచి చూసే అతని కడుపుమంట మాత్రం చల్లారేది కాదు.

"ఒరేయ్, ఆ కర్టెన్ అలా పీకకు, ఊడొస్తుంది," అంది అక్క.

"గాలి రావట్లేదని."

"గాలి బాగానే వస్తోంది. నీకే ఊపిరాడట్లేదు."

అతను కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో టెక్నీషియన్. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు. చదువుకునే రోజుల్లో మూడేళ్లపాటు సాయంత్రాలు ఒక హోటల్ వంటగదిలో పనిచేశాడు. అక్కడ చేతులకు అబ్బిన ఓపికే ఇప్పుడు మైనపు పళ్లు చెక్కడానికి పనికొస్తోంది. పంటి అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడు, మళ్లీ మొదటి నుంచి చేస్తాడు. అలాంటివాడు ఆ శనివారం సాయంత్రం మెట్ల మీద నిలబడి, కళ్లార్పకుండా ఒక అబద్ధం ఆడాడు.

కింది వాటా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఫోన్లో ఎవరో స్నేహితురాలితో నవ్వుతూ మాట్లాడుతోంది. "ఆయనకి రొయ్యల రోల్స్ అంటే ప్రాణమే! రేపు నా చేత్తో చేసి పెడతానని మాటిచ్చేశా. నచ్చితే ఆ విషయం కూడా రేపే కదిపేస్తా."

ఆయన. ఆ విషయం. ఆ ఆరడుగుల మనిషి గురించే అనుకున్నాడతను.

ఫోన్ పెట్టేసి ఆమె ఇటు తిరిగింది. "పళ్లబ్బాయ్ గారూ, మీతోనే పని! మీ హోటల్లో రైస్ పేపర్ రోల్స్ చేసేవారన్నారు కదా. ఆ పల్చటి బియ్యప్పిండి షీట్లు గాజు ముక్కల్లా పెళపెళమంటున్నాయి. ఎలా నానబెట్టాలి?"

"ఎవరైనా వస్తున్నారా?"

"వస్తున్నారు. చాలా ముఖ్యమైన మనిషి."

చెప్పాల్సిన జవాబు ఒక్క ముక్క. చల్లటి నీళ్లలో ముంచి, అయిదు సెకన్లలో తీసేయాలి. అప్పటికి గట్టిగానే ఉంటుంది, పలక మీద పరిచాక దానంతటదే మెత్తబడుతుంది.

"మరిగే నీళ్లలో వెయ్యండి," అన్నాడతను. "రెండు నిమిషాలు."

"అంతసేపా?"

"బాగా మెత్తబడాలి కదా."

"థాంక్సండీ! మీరు లేకపోతే రేపు నా పరువు పోయేది."

ఆ మాట అతన్ని రాత్రి నిద్రపోనివ్వలేదు. ఉదయాన్నే కిందికి వెళ్లి నిజం చెప్పేద్దామని రెండు మెట్లు దిగాడు. గేటు పక్కన స్కూటర్ వానలో తడుస్తోంది. స్కూటర్ తడుస్తోందంటే మనిషి లోపల ఉన్నాడన్నమాట. రెండు మెట్లూ మళ్లీ ఎక్కేశాడు.

మధ్యాహ్నం రెండున్నరకు కింద నుంచి ఆ అమ్మాయి పిన్ని కేకేసింది. "అబ్బాయ్! ఒక్కసారి రా నాయనా! ఏడుపొక్కటే తక్కువ మా పిల్లకి!"

వంటగదిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నల్ల నరం తీసి, ఉడికించి, నిలువునా రెండుగా చీల్చిన రొయ్యలు ఒక పళ్లెంలో. సన్నటి బియ్యపు నూడుల్స్ ఇంకో పళ్లెంలో. పుదీనా, క్యారెట్, దోసకాయ వేరువేరుగా. పలక మీద మాత్రం జిగురు ముద్ద. ఆమె వేళ్లకీ, గిన్నె అంచుకీ, ముక్కు మీద కూడా కాస్త, అంతా అదే జిగురు.

ఆమె పక్కనే ఆరడుగుల మనిషి నిలబడి దోసకాయ తరుగుతున్నాడు. ఆమె చొక్కా చెయ్యి జారితే, రెండు వేళ్లతో పైకి మడిచాడు. ఆ రెండు వేళ్లనూ వేడి మైనంలో ముంచి అచ్చు తీయాలనిపించింది అతనికి.

"చూడండి, మీరు చెప్పినట్టే చేస్తున్నా," అందామె. "ఒక్కటీ నిలవట్లేదు. పన్నెండు షీట్లు పోయాయి. ఎనిమిదే మిగిలాయి."

"నేను పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా బాస్," అన్నాడు ఆరడుగుల మనిషి. "ప్యాకెట్ మీద చల్లటి నీళ్లు, అయిదు సెకన్లు అని రాసుంది. వింటే కదా!"

"ప్యాకెట్‌కేం తెలుసు? ఆయన మూడేళ్లు చేత్తో చేసిన మనిషి. నీళ్లు సరిగ్గా మరగలేదేమో. తప్పు నాదే అయ్యుంటుంది." ఆమె మళ్లీ పొయ్యి వెలిగించబోయింది.

అప్పుడు చూశాడు అతను. వేడి నీళ్లలో ముంచీ ముంచీ ఆమె వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"పొయ్యి ఆపండి," అన్నాడు. "ప్యాకెట్ కరెక్టే. నేను కావాలనే తప్పు చెప్పాను."

పిన్ని చేతిలో గరిటె ఆగింది.

"ఎందుకు?" అందామె.

"ఈయన తినకూడదని."

ఆరడుగుల మనిషి కత్తి కింద పెట్టాడు. "నేనా? బాస్, నేను రొయ్య తింటే మొహం గుమ్మడికాయంత అవుతుంది! ఒళ్లంతా దద్దుర్లు! దోసకాయ తరగమని పిలిచింది, తరుగుతున్నా. అంతే!"

"మరి... నిన్న ఫోన్లో ఆయనకి ప్రాణం అన్నారు?"

"మా నాన్న!" ఆమె గొంతు లేచింది. "నాకు ఉద్యోగం వచ్చాక మొదటిసారి వస్తున్నారు. మూడింటికి దిగుతారు. ఇష్టమైంది పెట్టి, పై వాటాలో ఒకాయన ఉన్నారు నాన్నా, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోరు, అంత నిజాయితీ మనిషి అని చెబుదామనుకున్నా. ఇప్పుడేం చెప్పమంటావ్ నన్ను?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఇంకో రోజైతే అందుకే ఎగిరి గంతేసేవాడు.

"జరిగింది జరిగినట్టే చెప్పు," అన్నాడు. "కానీ ముందు ఈ ఎనిమిదీ నన్ను చుట్టనివ్వు. ఆకలితో వచ్చే మనిషి నా అసూయకి పస్తుండకూడదు."

ఆమె పక్కకు జరిగింది.

షీట్ చల్లటి నీళ్లలో ముంచి తీశాడు. పలక మీద పరిచి, రొయ్యల ఎర్ర వీపులు కిందికి వచ్చేలా పేర్చాడు. పైన పుదీనా, నూడుల్స్, కూరగాయలు. ముందు ఒక మడత, అటూ ఇటూ రెండు మడతలు, తర్వాత బిగువుగా చుట్టాడు. తిప్పి పెడితే పల్చటి షీట్ లోంచి రొయ్యలు ఎర్రగా మెరిశాయి.

"దగ్గరకొచ్చి చూస్తే తెలుస్తుంది," అన్నాడు.

"ఇక్కణ్ణించే కనిపిస్తోంది."

మూడోది చుట్టేసరికి ఒక అడుగు దగ్గరకొచ్చింది. అయిదోదానికి షీట్ తనే ముంచింది.

"నేనింక తరగడం ఆపేయనా?" అన్నాడు ఆరడుగుల మనిషి.

"నువ్వు మాట్లాడకు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆమె నాన్న వానలో సగం తడిసి వచ్చాడు. ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కిన చేతులు ఆయనవి. తల తుడుచుకుని కూర్చుని, ఒక రోల్ తీసి కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అతుకు కనపడట్లేదే. ఎవరు చుట్టారమ్మా?"

ఆమె పూస గుచ్చినట్టు అంతా చెప్పింది. మెట్లు, మరిగే నీళ్లు, పాడైన పన్నెండు షీట్లు, దేన్నీ వదల్లేదు. అతను గోడకు ఆనుకుని తల వంచుకున్నాడు.

ఆయన తాపీగా నమిలి మింగాడు. "దొరికిపోయి ఒప్పుకున్నాడా?"

"లేదు నాన్నా." అందామె. "అప్పటికి నేను తప్పు నాదే అనుకుంటున్నా. తను ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు."

ఆయన అతన్ని కింద నుంచి పైదాకా చూసి, పక్కన కుర్చీ లాగాడు. "కూర్చో బాబూ. ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు?"

"పైన... అక్క ఉందండీ."

"ఆవిణ్ని కూడా రమ్మను. మాట్లాడుకుందాం."

పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కను పిలవడానికి లేచిన అతను, గుమ్మం దగ్గర ఆమె పక్కన ఆగాడు.

"కోపం పోయిందా?"

"ఎక్కడ పోతుంది? వారమైనా ఉంటుంది."

"వారమా!"

"రోజూ సాయంత్రం కిందికి రా. మనిషి ఎదురుగా లేకపోతే ఎవరి మీద కోప్పడను?"

"ఎన్నింటికి రమ్మంటావ్?"

"ఏడింటికి," అందామె, నవ్వు కనపడకుండా మొహం తిప్పుకుని. "ఆలస్యమైతే ఆ కోపం వేరే."