నేను పడుకోని రాత్రులు

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టిన సంగతి వాసవికి చెప్పలేదు. తప్పంతా అక్కడే ఉంది.

అప్పట్లో మేం లంబాలైన్‌లో, ఎయిర్‌పోర్టు గోడకి ఈవల, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేనూ నా భార్య వాసవీ, ఇద్దరమే. అంతకు ముందు ఏడాది నాకు డిప్రెషన్ వచ్చింది. పొద్దున్న మంచం దిగలేకపోతుంటే తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలతో తేరుకున్నాను. ఒకరోజు ఆఫీసులో ధనరాజు నా జేబులో స్ట్రిప్పు చూసి, "క్యా పూర్ణా భయ్యా, పాగల్ వాలీ గోలీ?" అని నలుగురిలో నవ్వాడు. పిచ్చిమందు అన్నమాట. ఆ రోజే మానేశాను. డాక్టరే ఆపమన్నాడని ఇంట్లో అబద్ధం చెప్పాను. వాసవి సంతోషంతో పాయసం చేసింది.

మూడు నెలలు తిరక్కుండా దిగులు మళ్ళీ కమ్ముకుంది. ఒక్కణ్ణే వెళ్ళి డాక్టరుని కలిశాను. "మొదట్లో నిద్ర పట్టకపోవచ్చు, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. పొద్దున్నే వేసుకో. ఇంట్లో చెప్పు," అన్నాడు. రెండూ చెయ్యలేదు. పొద్దున్న వాసవి నా ఎదురుగానే ఉంటుంది కదా. రాత్రి తను గిన్నెలు కడుగుతుంటే బాత్రూంలో దొంగలా మింగేవాణ్ణి.

మొదటి రాత్రి చాలాసేపు దొర్లాను. తనకి మెలకువ వస్తుందేమోనని హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. బయట వాన. గోడలకి పట్టిన చెమ్మ వాసన. కప్పల గోల. తూర్పున సముద్రం మధ్యనున్న మా దీవుల్లో నాలుగున్నరకే తెల్లారిపోతుంది. వెలుగు రాగానే చప్పుడు చెయ్యకుండా స్నానానికి వెళ్ళిపోయాను.

టీ ఇస్తూ వాసవి అంది, "రాత్రి హాయిగా పడుకున్నారు. గురక కూడా."

ఎగతాళేమో అనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు. "అవును," అన్నాను.

రెండో రోజూ అదే మాట. మూడో రోజూ.

నాలుగో రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కాసేపటికి కప్పలు కూడా ఆగాయి... అప్పుడు వినిపించింది.

గురక.

పడగ్గదిలోంచి. వాసవికి గురక అలవాటు లేదు. సన్నగా మొదలై, చివర ఈల వేసినట్టు తెగిపోతోంది... అది నా గురక. వాసవి ఒకసారి ఫోన్లో రికార్డు చేసి నవ్వుతూ నాకే వినిపించింది.

గుమ్మం దాకా వెళ్ళాను. కిటికీలోంచి ఎయిర్‌పోర్టు దీపాల వెలుగు పలచగా పడుతోంది. దోమతెరలో వాసవి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గోడ పక్కన, నా చోట్లో... దుప్పటి లేస్తోంది, దిగుతోంది. వాసవి చెయ్యి దాని మీద ఉంది.

పిలవాలి. నోరు తెరిచాను.

పిలిస్తే లేస్తుంది. ఈ వేళప్పుడు హాల్లో ఏం చేస్తున్నారని అడుగుతుంది. అప్పుడు మాత్రల సంగతి...

గురక ఆగింది.

దుప్పటి కదలడం లేదు. అది మేలుకుంది. వింటోంది. నేను పిలుస్తానా, లేదా అని.

నేను నోరు మూసుకున్నాను. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. కట్టుకున్న మనిషిని దాని పక్కన వదిలేసి. కాసేపటికి గురక మళ్ళీ మొదలైంది.

తెల్లారాక వాసవి ముందు కూర్చుని అన్నీ చెప్పేశాను. మందు మానేసిందీ, అబద్ధమాడిందీ, మళ్ళీ మొదలుపెట్టిందీ. తను తిట్టలేదు. ఆశ్చర్యపోనూ లేదు.

"అదంతా మొదటి రాత్రే చెప్పారు కదండీ," అంది. "నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. పగలు ఆ మాటెత్తితే సిగ్గుపడతారని ఊరుకున్నాను."

"నేను చెప్పలేదు వాసవీ. నాలుగు రాత్రులూ హాల్లోనే ఉన్నాను."

తను చేతిలో గ్లాసు కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది... ఆపకుండా తుడుచుకుంటూనే ఉంది.

మర్నాటి నుంచి మాత్ర పొద్దున్నే, తన కళ్ళముందే వేసుకున్నాను. మూడు వారాలకి నిద్ర దారిలో పడింది. ఆ మంచం అక్కడే వదిలేసి, ఊళ్ళోనే షాదీపూర్‌కి ఇల్లు మారాం. ఆ తర్వాత ఏమీ జరగలేదు.

నిన్న సాయంత్రం చేపలు శుభ్రం చేస్తూ, తల ఎత్తకుండా వాసవి అడిగింది.

"అసిరమ్మ ఎవరు?"

"ఏ అసిరమ్మ?"

"ఆ నాలుగు రాత్రులూ నిద్రపోయే ముందు మీరు... అది... ఒకటే మాట అనేది. అసిరమ్మకి తలుపు తియ్యలేదు, తియ్యాల్సింది అని."

ఆ పేరుగల మనిషి నాకు తెలీదు. మా చుట్టాల్లో లేరు, ఆఫీసులో లేరు. ఆ మాటే చెప్పబోయాను.

కానీ పేరు వినగానే నా తల దానంతటదే వంగిపోయింది. చెవులదాకా సిగ్గు పాకింది.

వాసవి చూసింది. ఆ రోజులాగే కొంగుతో చెయ్యి తుడుచుకోవడం మొదలుపెట్టింది.