నాలుగో వరసలో ఫొటో

మార్కస్ ముఠాలో దూరిన ఏజెంట్ వెంకట్రాజు శవం కొల్లేటికోట దగ్గర చేపల చెరువులో తేలింది. వీపులో రెండు గుళ్లు.

వట్లూరు నిఘా ఆఫీసులో చీఫ్ దత్తాత్రేయులు తలుపు వేశాడు.

“పట్టించింది మన ఆఫీసు కుసుమేనండి. మార్కస్ ముఠాకి అమ్ముడుపోయింది. ఇప్పుడు మన ఏజెంట్ల జాబితా అడుగుతోంది. పదకొండు ప్రాణాలు, సత్యానందం గారూ.”

“ఇచ్చేద్దామండి,” అన్నాడు ఏజెంట్ సత్యానందం.

“మతి ఉండే మాట్లాడుతున్నారా?”

“వెంకట్రాజు ఆఖరి మెసేజ్ చూశారుగా. మార్కస్ ఏ జాబితా అయినా ముందు సార్ట్ చేస్తాడంట. అక్షరాల వరస లేందే చదవడంట.”

ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. ఒక గడిలో కోడ్ నేమ్, పక్క గడిలో ఫొటో. రెండు తప్ప అన్నీ దొంగవే. ఒకటి కుసుమ ఫొటో. అది లేకపోతే ఆమె నమ్మదు. రెండోది ‘కొంగ’ అనే పేరు. మార్కస్ మనుషులిద్దరిని కాల్చిన ఏజెంట్. ఆ ముఖం కోసం మార్కస్ ఏడాదిగా వెతుకుతున్నాడు. కొంగ సత్యానందమే. చీఫ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఫొటోలన్నీ సెలెక్ట్ చేశాడు. ప్రాపర్టీస్‌లో ‘డోంట్ మూవ్ ఆర్ సైజ్ విత్ సెల్స్’ నొక్కాడు.

“ఏంటండీ అది?”

“గడికీ ఫొటోకీ లంకె తెంపానండి. సార్ట్ చేస్తే పేర్లు కదులుతాయి, ఫొటోలు కదలవు. కొంగ నాలుగో వరసకి వస్తుంది. అక్కడ కుసుమ ఫొటోని కూర్చోబెట్టాను.”

సాయంత్రం కుసుమ షీట్ తెరిచింది. తన కోడ్ నేమ్ పక్కన తన ఫొటోయే ఉంది. నవ్వుకుని పెన్ డ్రైవ్‌లో వేసుకుంది.

మర్నాడు పదకొండు గంటలు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ వెనక లాడ్జి. మార్కస్ గదిలోకి కుసుమ వెళ్లింది. ఆమె వెనకే వచ్చి పక్క గదిలో చేరాడు సత్యానందం, ఏసీ మెకానిక్ వేషం. గోడకి మైక్, చెవిలో ఇయర్‌పీస్.

మౌస్ క్లిక్‌మంది. మార్కస్ జాబితా సార్ట్ చేశాడు.

“కొంగ,” అన్నాడు మార్కస్ వచ్చీరాని తెలుగులో. “నువ్వా?”

“అయ్యో, కాదండీ! ఫొటో జరిగిపోయిందండీ!”

“ఫొటో నడుస్తుందా?” పిస్టల్ లాక్ తీసిన చప్పుడు.

“ఒట్టండీ! వెంకట్రాజుని మీకు పట్టించింది నేనే కదండీ!”

ఆ మాట రికార్డయింది. సత్యానందం వెంటనే లేవలేదు. ఇంకొక్క సెకను కూర్చుంటే చాలు, మార్కసే పని కానిచ్చేస్తాడు.

సగం సెకను కూర్చున్నాడు. తర్వాత గదుల మధ్య తలుపు తన్నాడు. మార్కస్ చేతిలో పిస్టల్ పేలేలోగా సత్యానందం గుండు ఆ చేతిని విరిచేసింది. కింద కాపున్న పోలీసులు మెట్లెక్కారు.

ఏలూరు వెళ్లే జీపులో కుసుమ సత్యానందం వైపు తిరిగింది.

“నన్నెందుకు బతికించారండీ?”

“వెంకట్రాజు భార్య ప్రసన్నకుమారి గారు కోర్టుకి రోజూ వస్తానన్నారండి. మీరు ఒక్క గుండుకే పోతే, పాపం, ఆవిడకి చూడ్డానికి ఏం మిగులుతుంది?”